ఉప్పునీటికి ఒక యంత్రం, ఎర్రమట్టికి ఒక యంత్రం

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

మెటల్ డిటెక్టర్ల కొనుగోలు గురించి ఈ శీర్షికకు వచ్చిన ఉత్తరాల్లో ఐదింటికి ఈ సంచికలో జవాబు రాస్తున్నాను. పన్నెండేళ్ళుగా ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రంలో సముద్రతీరాల్లోనూ, పాత బంగారు క్షేత్రాల్లోనూ ఈ యంత్రం పట్టుకుని తిరిగిన అనుభవంతో చెబుతున్న మాటలివి. ‘ఏ యంత్రం మంచిది’ అన్న ప్రశ్నకు ‘ఏ నేల మీద’ అన్నది తేలకుండా జవాబు లేదు కనుక, ఎవరి ప్రశ్ననైనా ముందు వాళ్ళు వెతకబోయే నేల దగ్గరికే తీసుకువెళ్ళాను.

ప్రశ్న: మేము ఆరేళ్ళుగా మెల్బోర్న్‌లో ఉంటున్నాము. సెయింట్ కిల్డా, బ్రైటన్ బీచ్‌లలో వెతకాలని మావారికి, డునాలీ, టార్నగుల్లా వైపు వెళ్ళి బంగారం వెతకాలని మా అబ్బాయికి కోరిక. రెండింటికీ పనికివచ్చే యంత్రం ఒకటే ఉంటుందా? 1,500 డాలర్లకు మించి పెట్టలేము.
– ఒక పాఠకురాలు, మెల్బోర్న్

జవాబు: అమ్మా, రెండు చోట్లా తిప్పుకోగల యంత్రాలు మీరు చెప్పిన సొమ్ములోనే దొరుకుతాయి. రెండు చోట్లా ఒకే తీరున గొప్పగా పనిచేసే యంత్రం మాత్రం ఎంత డబ్బు పెట్టినా దొరకదు. ఎందుకు దొరకదో తెలిస్తే, దుకాణంలో చెప్పే మాటల్లో ఏది పట్టించుకోవాలో మీకే తెలుస్తుంది.

డిటెక్టర్ చివర ఉండే గుండ్రటి కాయిల్‌లో కరెంటు పారినప్పుడు దాని చుట్టూ మారుతూ ఉండే అయస్కాంత క్షేత్రం ఏర్పడుతుంది. ఆ క్షేత్రం నేలలో ఉన్న లోహంలో చిన్న చిన్న సుడి ప్రవాహాలను పుట్టిస్తుంది, ఆ సుడులు తమ వంతుగా మరో బలహీనమైన క్షేత్రాన్ని పుట్టిస్తాయి, దాన్ని పసిగట్టి యంత్రం మన చెవిలో మోగిస్తుంది. చిక్కు ఎక్కడ వస్తుందంటే, ఇలా బదులు పలికేది లోహం ఒక్కటే కాదు. ఉప్పునీరు కూడా కరెంటును పారనిస్తుంది కాబట్టి తడి ఇసుక అంతా ఒక పలచటి లోహపు రేకులా యంత్రానికి వినిపిస్తుంది. ఇనుము కలిసిన ఎర్రమట్టీ, ఇనుపరాళ్ళూ మరో రకంగా మోగుతాయి. అంటే మీవారికి శత్రువు ఉప్పు, మీ అబ్బాయికి శత్రువు ఇనుము. ఒకదాన్ని అణచడానికి చేసిన ఏర్పాటు రెండోదాని ముందు సగమే పనిచేస్తుంది.

చౌకలో దొరికే యంత్రాల్లో ఎక్కువ భాగం ఒకే పౌనఃపున్యం మీద నడిచే వీఎల్ఎఫ్ (వెరీ లో ఫ్రీక్వెన్సీ, అంటే అతి తక్కువ పౌనఃపున్యం) రకానివి. పొడి ఇసుకలో, పార్కుల్లో అవి చక్కగా పనిచేస్తాయి. తడి ఇసుక మీదికి దింపగానే గోల మొదలవుతుంది, ఆ గోల ఆపడానికి సున్నితత్వం తగ్గిస్తే వస్తువులూ వినిపించడం మానేస్తాయి. అందులోనూ విచారకరమైన విషయం ఏమిటంటే, ఉప్పునీరు మోగే స్థాయి, సన్నటి బంగారు గొలుసు మోగే స్థాయి దాదాపు పక్కపక్కనే ఉంటాయి. ఉప్పును వినకుండా చేస్తే గొలుసు కూడా వినపడదు. అలాగని ఈ రకాన్ని బంగారానికి పనికిరాదని తోసేయకూడదు. పౌనఃపున్యం పెరిగేకొద్దీ చిన్న బంగారు రేణువులు బాగా తెలుస్తాయి కాబట్టే 45 కిలోహెర్ట్జ్‌తో నడిచే, ఆస్ట్రేలియా సంస్థ మైన్‌ల్యాబ్ వారి గోల్డ్ మాన్‌స్టర్ 1000, 71 కిలోహెర్ట్జ్ ఫిషర్ గోల్డ్ బగ్ 2 వంటివి బియ్యపు గింజలో సగమున్న ముక్కను కూడా పట్టుకోగలవు. కానీ వాటిని సముద్రపు తడి ఇసుక మీదికి తీసుకువెళ్తే మీవారికి తలనొప్పి తప్ప మరేమీ మిగలదు.

రెండో రకం, ఒకేసారి అనేక పౌనఃపున్యాలను పంపి, వాటి జవాబులను పోల్చి, ఉప్పు వాటాను తీసివేసే యంత్రాలు. 2018లో వచ్చిన మైన్‌ల్యాబ్ ఈక్వినాక్స్ ఈ పద్ధతిని మధ్యతరగతి ధరలోకి తెచ్చింది. 2022లో టర్కీ సంస్థ నోక్టా ‘లెజెండ్’ను తెచ్చాక పోటీ పెరిగి కొనేవాళ్ళకు మేలు జరిగింది. మీ ఇంటికి నేను చెప్పేది ఈ రకమే. అయితే ఒక్క జాగ్రత్త: ఈక్వినాక్స్ వరుసలో 600, 700 నంబర్ల యంత్రాలకు బంగారు క్షేత్రాల కోసం ఉద్దేశించిన గోల్డ్ మోడ్ లేదు, 800, 900 నంబర్లకు ఉంది. బయటికి చూస్తే అన్నీ అక్కచెల్లెళ్ళలా ఉంటాయి కాబట్టి, కాస్త తక్కువకు వస్తోందని పాత 600ను కొనుక్కుని, డునాలీ వెళ్ళాక బాధపడినవాళ్ళు నాకు తెలుసు. 800 మూడు మీటర్ల లోతు నీటి వరకు, 900 ఐదు మీటర్ల వరకు తట్టుకుంటాయి. నడుము లోతు దాటి వెళ్ళరు కనుక మీకు ఏదైనా చాలు.

ఈ తరగతి యంత్రాన్ని తక్కువగా చూడనక్కర్లేదు. 2023లో విక్టోరియా బంగారు క్షేత్రాల్లో ఒకాయనకు 4.6 కిలోల రాయి దొరికింది, అందులో 2.6 కిలోల బంగారం ఉన్నట్టు తేలింది. ఆయన చేతిలో ఉన్నది సుమారు 1,200 డాలర్ల ఈక్వినాక్స్ 800. అయితే ఆ వార్త చదివి అబ్బాయి ఆశలు పెంచుకునే ముందు రెండో సగం కూడా చెప్పాలి. అంత పెద్ద ముక్క ఏ యంత్రానికైనా మోగుతుంది. అర గ్రాము, ఒక గ్రాము ముక్కలు చాలామంది జల్లెడ పట్టిన నేలలో, ఇనుము దట్టంగా ఉన్న మట్టిలో, చేతివేళ్ళ లోతు దాటి ఉన్నప్పుడే తేడా తెలుస్తుంది. అక్కడ పల్స్ ఇండక్షన్ అనే మూడో రకానిదే పైచేయి. ఇది ఎడతెగకుండా తరంగం పంపదు. ఒక్క క్షణం కరెంటు పంపి, ఠక్కున ఆపి, ఆ తర్వాత కొన్ని మైక్రోసెకన్లు ఆగి నేల చెప్పేది వింటుంది. ఆగిన ఆ కొద్ది వ్యవధిలో ఉప్పునీటి స్పందన చాలావరకు ఆరిపోతుంది, లోహం స్పందన ఇంకా మిగిలి ఉంటుంది. ఎక్కువ సేపు ఆగితే చిన్న బంగారం స్పందన కూడా ఆరిపోతుంది, తక్కువ సేపు ఆగితే ఉప్పూ మట్టీ వినపడతాయి. ఈ సన్నటి అంచు మీద నడవడంలోనే ఆ యంత్రాల పనితనమంతా ఉంది. 1995లో మైన్‌ల్యాబ్ ఎస్‌డీ 2000 వచ్చినప్పుడు, ఇక ఏమీ లేదని వదిలేసిన క్షేత్రాలకే జనం మళ్ళీ వెళ్ళి బంగారం తెచ్చుకున్నారు. ఈనాటి జీపీఎక్స్ 6000 ఆ వంశంలోదే. ధర వేల డాలర్లలో ఉంటుంది కనుక, అబ్బాయికి ఈ అభిరుచి రెండేళ్ళు నిలిచిందని మీకు నమ్మకం కుదిరేదాకా ఆ వైపు చూడవద్దు.

కాబట్టి ఈక్వినాక్స్ 900 గానీ లెజెండ్ గానీ తీసుకోండి. 11 అంగుళాల కాయిల్ బీచ్‌కు ఉంచి, బంగారానికి 6 అంగుళాల చిన్న కాయిల్ వాడండి. పెద్ద కాయిల్ లోతుకు వెళ్తుంది, చిన్నది చిన్న వస్తువును పట్టుకుంటుంది. పొదల మొదళ్ళలోకీ, రాళ్ళ సందుల్లోకీ దూరేది కూడా చిన్నదే. సొమ్మంతా యంత్రానికే పెట్టేయకండి. బీచ్‌కు చిల్లుల పార, బంగారు క్షేత్రానికి అయస్కాంతం బిగించిన చిన్న గునపం, ఒక మంచి హెడ్‌ఫోన్ ఉండాలి. మా అనుభవంలో యంత్రం తర్వాత ఎక్కువ పని చేసేది ఆ అయస్కాంతమే. నూటయాభై ఏళ్ళ క్రితం గనివాళ్ళ బూట్ల నుంచి రాలిన మేకులు ఆ నేల నిండా ఉన్నాయి. గుంట తవ్వి మట్టిని గునపంతో కలియబెడితే మేకు తనంతట తాను అంటుకుంటుంది, వెంటనే తర్వాతి చోటికి వెళ్ళవచ్చు.

అంటుకోనప్పుడు ఏం చేయాలో అబ్బాయికి ఇంటి పెరట్లోనే నేర్పించండి. కాయిల్‌ను నేల మీద పడుకోబెట్టి, తవ్వి తీసిన మట్టిలోంచి పిడికెడు తీసుకుని దాని మీదుగా పోనివ్వాలి. మోగకపోతే పారేసి మరో పిడికెడు. మోగితే అందులో సగం రెండో చేతిలోకి మార్చుకుని మళ్ళీ చూడాలి. అలా సగానికి సగం తగ్గించుకుంటూ వస్తే చివరికి రెండు వేళ్ళ మధ్య పట్టేంత మట్టి మిగులుతుంది, దాన్ని అరచేతిలో నీళ్ళతో కడిగితే బూడిదరంగు సీసపు గుండో, పసుపురంగు మెరుపో కనిపిస్తుంది. చేతికి ఉంగరం, గాజులు, కంకణం ఉంటే ముందే తీసేయాలి. లేకపోతే ప్రతి పిడికిలీ బంగారంలాగే మోగుతుంది.

విక్టోరియాలో బంగారం వెతకడానికి ‘మైనర్స్ రైట్’ అనే అనుమతి పత్రం తప్పనిసరి. అది పదేళ్ళు చెల్లుతుంది, రుసుము స్వల్పం. 1854లో బల్లారట్‌లో యురేకా తిరుగుబాటు జరిగిన మరుసటి ఏడాది గనికార్మికులు సాధించుకున్న హక్కు అది, నేటికీ అదే పేరుతో నడుస్తోంది. జాతీయ ఉద్యానవనాల్లో చాలావాటిలో వెతకడానికి వీల్లేదు, ప్రైవేటు భూమికి యజమాని సమ్మతి కావాలి, చేతి పనిముట్లు తప్ప వాడకూడదు, తవ్విన ప్రతి గుంటనూ పూడ్చాలి. ఈ చివరి నియమం పాటించని వారి మీద నాకు చాలా కోపం. సాయంత్రం చీకట్లో కంగారూలకూ మనుషులకూ కాళ్ళు విరిగేది ఆ గుంటల్లోనే.

ప్రశ్న: 2020 నవంబరులో నివర్ తుపాను తర్వాత ఉప్పాడ ఒడ్డున బంగారు ముక్కలు దొరుకుతున్నాయని ఆడా మగా ఇసుకలో వెతికారు. ఇప్పటికీ సముద్రం పోటెత్తిన ప్రతిసారీ కొందరు వెళ్తూనే ఉన్నారు. అప్పు చేసి ఒక డిటెక్టర్ కొంటే గిట్టుబాటు అవుతుందా?
– ఒక పాఠకుడు, కాకినాడ జిల్లా

జవాబు: అప్పు చేసి మాత్రం కొనవద్దు. ఉప్పాడలో దొరికాయని చెప్పినవి ఎక్కువగా చిన్న పూసలు, తునకలు. కోతకు గురైన ఆ తీరంలో సముద్రం ఇళ్ళను, గుళ్ళను తీసుకుపోయిందని అక్కడివారు చెబుతారు, ఆ ముక్కలు ఆ ఇళ్ళవే అయి ఉంటాయని వారి నమ్మకం. ఆవగింజంత పూస తడి ఇసుకలో ఏ బీచ్ యంత్రానికైనా కష్టమైన లక్ష్యం. పైగా మన కోస్తాలో అనేక చోట్ల ఇసుకలో ఇల్మెనైట్, మాగ్నటైట్ వంటి బరువు ఖనిజాలు కలిసి ఉంటాయి. అల వెనక్కి తగ్గాక నల్లటి చారలుగా కనబడేవి అవే. బంగారమూ బరువే కాబట్టి అల దాన్ని ఆ నల్ల చారల్లోనే వదులుతుంది, యంత్రానికి అతి కష్టమైన ఇసుకా అదే. ఆ చారలను వేళ్ళతో, దువ్వెనతో, పళ్ళెంతో వెతికే మత్స్యకార మహిళల పద్ధతి యంత్రం కంటే తక్కువదేమీ కాదు.

ఎవరైనా ఇప్పటికే యంత్రం కొని ఉంటే ఒక మాట. ఇనుమునూ, రేకునూ వినపడకుండా చేసే డిస్క్రిమినేషన్ మీటను పూర్తిగా తగ్గించి వెతకండి. సన్నటి బంగారం, గుట్కా పొట్లాల అల్యూమినియం రేకు దాదాపు ఒకే స్థాయిలో మోగుతాయి. రేకును కాదనుకున్న చెవి బంగారాన్నీ కాదనుకుంటుంది. మన రూపాయి, రెండు రూపాయల నాణేలు అయస్కాంతానికి అంటుకునే స్టెయిన్‌లెస్ స్టీలువి కనుక వాటిని చాలా యంత్రాలు ఇనుముగానే లెక్కవేస్తాయి.

చట్టం కూడా తెలుసుకోవాలి. 1878 నాటి భారత నిధి నిక్షేపాల చట్టం ప్రకారం నేలలో దాగి ఉన్న, పది రూపాయల విలువ మించిన నిధి ఏది దొరికినా, ఏమిటి, ఎంత, ఎక్కడ, ఎప్పుడు దొరికిందో రాతపూర్వకంగా కలెక్టరుకు తెలపాలి. చెప్పకుండా దాచుకుంటే వాటా పోవడమే కాదు, ఏడాది వరకు జైలు శిక్షకూ అవకాశం ఉంది. పాత నాణేలు, పాత నగల ముక్కలు దొరికితే తహసీల్దారు కార్యాలయానికి వెళ్ళి కాగితం ఇచ్చి రావడమే మంచిది.

ప్రశ్న: తొలకరి వానలకు తుగ్గలి, జొన్నగిరి పొలాల్లో వజ్రాలు వెతుకుతాము. మెటల్ డిటెక్టర్‌తో వజ్రం దొరుకుతుందా? అక్కడ బంగారం కూడా ఉందంటారు కదా?
– ఒక పాఠకుడు, కర్నూలు జిల్లా

జవాబు: దొరకదు. వజ్రం శుద్ధమైన కర్బనం, లోహం కాదు, కరెంటును పారనివ్వదు. ‘డైమండ్ మోడ్’ ఉందని ఎవరైనా అమ్మజూపితే ఆ యంత్రం వెల ఎంత తగ్గించినా తీసుకోవద్దు. వాన కడిగిన మట్టిని ఎండ వాలుగా పడే వేళ వంగి చూడటమే ఇప్పటికీ దానికి పద్ధతి.

జొన్నగిరి ప్రాంతంలో బంగారం ఉన్న మాట నిజం. కానీ మన దేశంలో విక్టోరియాలోలాగా సామాన్యుడికి ఇచ్చే వెతుకులాట పత్రం లేదు. బంగారం 1957 గనులు, ఖనిజాల చట్టం కిందికి వస్తుంది, లైసెన్సు లేకుండా అన్వేషణ, తవ్వకం నేరం. జొన్నగిరికి దగ్గర్లోని ఎర్రగుడిలో అశోకుని శాసనాలు చెక్కిన బండలున్నాయి. అటువంటి రక్షిత స్థలంలో అనుమతి లేకుండా తవ్వడం 1958 నాటి పురాతన కట్టడాల చట్టం ప్రకారం మరో నేరం. డిటెక్టర్ తీసుకుని ఆ బండల వైపు దయచేసి వెళ్ళకండి. రెండు వేల రెండు వందల ఏళ్ళు నిలిచిన అక్షరాలవి.

ప్రశ్న: మా తాతగారి పాడుబడ్డ ఇంట్లో లంకెబిందెలు ఉన్నాయని మా పెద్దల నమ్మకం. వంద మీటర్ల దూరం నుంచే బంగారాన్ని చూపే యాంటెన్నా యంత్రం నాలుగు లక్షలకు ఇస్తామని ఒకరు వచ్చారు. నమ్మవచ్చా?
– ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: నమ్మవద్దు, ఒక్క రూపాయి బయానా కూడా ఇవ్వవద్దు. ఉంగరమంత వస్తువును మంచి డిటెక్టర్ 20, 30 సెంటీమీటర్ల లోతులో గుర్తిస్తే అది బాగా పనిచేస్తున్నట్టే. పెద్ద పెట్టెంత లోహాన్ని వెడల్పాటి చట్రపు కాయిల్‌తో ఒకటి రెండు మీటర్ల లోతు వరకు పసిగట్టవచ్చు. వంద మీటర్ల దూరం నుంచి బంగారాన్ని మాత్రమే చూపించే భౌతిక సూత్రం ఏదీ లేదు. పిడికి బిగించిన ఊచ అటూ ఇటూ తిరగడానికి కారణం పట్టుకున్న మణికట్టులోని చిన్న కదలికే.

ఇలాంటి ఊచ పరికరాన్నే బాంబులు కనిపెడుతుందని చెప్పి ఇరాక్ ప్రభుత్వానికి అమ్మిన బ్రిటిష్ వ్యాపారికి 2013లో లండన్ న్యాయస్థానం పదేళ్ళ జైలు శిక్ష వేసింది. గోల్ఫ్ బంతులు వెతికే చవక ఆటవస్తువును ఆదర్శంగా పెట్టుకుని చేసిన పరికరమది, దాన్ని నమ్మి తనిఖీ కేంద్రాల్లో నిలబెట్టిన చోట మనుషుల ప్రాణాలు పోయాయి. అందువల్ల ఈ మోసాన్ని నేను చిన్నదిగా చూడలేను.

మీ ఇంటికి వచ్చిన మనిషి మళ్ళీ వస్తే ఒక పరీక్ష పెట్టండి. ఒకే రకం మూత డబ్బాలు పది తీసుకుని, మీ ఇంట్లో ఒకరు గదిలో ఒంటరిగా ఉండి ఒక దానిలో బంగారు కాసు పెట్టి, అన్నీ వరుసగా పేర్చి, అక్కడి నుంచి వెళ్ళిపోవాలి. కాసు ఎందులో ఉందో తెలిసినవారు ఎవరూ ఎదురుగా ఉండకూడదు. ఆ యంత్రంతో అతడు పదిసార్లలో పదిసార్లూ సరైన డబ్బా చూపగలగాలి. ఈ షరతు వినగానే చాలామంది మరుసటి రోజు రారు.

నమ్మకం తీరాలనే ఉంటే, యజమానులైన మీ కుటుంబమంతా సమ్మతించాక, పగటిపూట, ఒక మామూలు డిటెక్టర్ అద్దెకు తెచ్చి ఆ నేల మీద తిప్పండి. ఏమైనా దొరికితే పైన చెప్పిన చట్టమే మీకూ వర్తిస్తుంది. క్షుద్రపూజలు చేయాలని, రాత్రివేళ తవ్వాలని, పక్కనున్న పాత గుడి గద్దె కూడా కదపాలని సలహా ఇచ్చేవారిని గడప తొక్కనివ్వకండి. గుప్తనిధుల పేరుతో మన రెండు రాష్ట్రాల్లో పగిలిన విగ్రహాలను చూశాక ఈ మాట ఇంతకన్నా మెత్తగా రాయడం నాకు సాధ్యం కాలేదు.

ప్రశ్న: మొన్న ఆదివారం రుషికొండ బీచ్‌లో మోకాలి లోతు నీళ్ళలో ఆడుతుండగా నా పెళ్ళి ఉంగరం జారిపోయింది. డిటెక్టర్ కొని వెతికితే దొరుకుతుందా?
– ఒక పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: దొరికే అవకాశం ఉందమ్మా, అయితే ఆలస్యం చేయవద్దు. పోయింది ఉంగరం కావడం కొంత మేలు. తెగని వలయం కాబట్టి సుడి ప్రవాహం అందులో పూర్తిగా తిరుగుతుంది, గట్టిగా మోగుతుంది. గొలుసో, నల్లపూసలో అయి ఉంటే ఒక్కో లంకె విడివిడిగా మోగుతుంది కనుక కొక్కెమో, పుస్తెలో తప్ప యంత్రానికి వినిపించవు.

కొత్త యంత్రం కొని, నేర్చుకుని వెళ్ళేలోగా కాలం మించిపోతుంది. తడి ఇసుకకు తగిన యంత్రం ఉన్నవారిని అడిగి పిలిపించుకోండి. అల కదిలించిన ఇసుకలో బరువైన ఉంగరం రోజురోజుకూ కిందికి దిగి, గట్టి పొర తగిలిన చోట ఆగుతుంది. ఆ పొర యంత్రానికి అందే లోతులో ఉన్నంతవరకే మనకు సమయం. ఆ రోజు మీరు నిలబడిన చోటు నుంచి కనిపించిన రెండు గుర్తులు, ఒక కొబ్బరిచెట్టో, దుకాణమో, మెట్లో, ఫోటోల్లో చూసి గుర్తుకు తెచ్చుకోండి. అమావాస్యకో పౌర్ణమికో దగ్గరగా ఉన్న రోజున, ఆటు బాగా లోపలికి తగ్గిన వేళకు గంట ముందే అక్కడికి చేరండి. అప్పుడు మోకాలి లోతు నీళ్ళున్న చోటులో చాలా భాగం తడి ఇసుకగా బయటపడుతుంది.

తాడు పట్టి పది మీటర్ల చతురస్రం గీయండి. యంత్రం పట్టినవారు కాయిల్‌ను ఇసుకకు వేలెడు ఎత్తులో ఉంచి, నెమ్మదిగా ఊపుతూ, ఒక వరుసలో తిప్పిన చోటులో సగం రెండో వరుసలోనూ వచ్చేలా నడవాలి. మోగిన ప్రతిచోటా తవ్వాలి, సోడా మూతే అని తోచినా తవ్వాలి. ఒడ్డుకు సమాంతరంగా నడిచి ఏమీ దొరకకపోతే, అదే చతురస్రంలో ఒడ్డు నుంచి నీళ్ళ వైపు అడ్డంగా మళ్ళీ నడవమనండి. ఉంగరం ఇసుకలో పడుకోకుండా అంచు మీద నిలబడి ఉంటే ఒక దిశ నుంచి మెల్లగానే మోగుతుంది, మొదటిసారి దాటిపోయినది రెండోసారి అదే చోట వినిపించడం నేను చూశాను.